ఊరి హాయి వెనకున్న బాకీలు

పట్నం వదిలేసి ఊళ్లో ఉంటే ప్రాణానికి హాయిగా ఉంటుందని అనేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఎందుకు హాయి అని అడిగితే మాత్రం అందరి జవాబూ ఒకటే: మంచి గాలి, మంచి నీళ్లు, కల్తీ లేని తిండి. నిజం చెప్పాలంటే ఈ మూడింటి మీదా పెద్దగా భరోసా పెట్టుకోవడానికి లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు, పక్కనే సముద్రం, చూడ్డానికి అంతకంటే పచ్చటి చోటు దొరకదు, కానీ కవిటి, సోంపేట చుట్టుపక్కల కిడ్నీ జబ్బు తగలని వీధి లేదన్నట్టుంది పరిస్థితి, కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఒక్కమాట మీదకి రాలేకపోయారు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు తాగిన నీళ్లే, అందులోని ఫ్లోరైడ్ వల్ల, తరాల తరబడి మనుషుల ఎముకల్ని వంచేశాయి. పత్తి, మిరప వేసే ఊళ్లో మందు కొట్టే రోజుల్లో సాయంత్రం బయట నిలబడితే గాలి సంగతి ముక్కుకే తెలుస్తుంది. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఊళ్లలోనూ రోజువారీ సరుకైపోయాయి. ఇక గుండె నొప్పి వస్తే ముందు వచ్చేది ఆర్‌ఎంపీ డాక్టరే, పెద్దాసుపత్రికి చేరేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది.

అయినా ఆ హాయి అబద్ధం కాదు. ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా ఊళ్లో కొన్నాళ్లు గట్టిగా ఉండి వచ్చినవాళ్లు నిద్ర పట్టిందనీ, మనసు తేలికపడిందనీ చెబుతూనే ఉంటారు. మరి అదెక్కణ్నుంచి వస్తోంది? చెట్టు నుంచీ చేను నుంచీ కాకపోతే మనుషుల నుంచే రావాలి. అలాగని ఊళ్లో మనుషులు పట్నం మనుషుల కంటే మంచివాళ్లనుకుంటే పప్పులో కాలేసినట్టే. గట్టు తగాదాలు, కాలవ నీళ్ల తగాదాలు, అన్నదమ్ముల కోర్టు కేసులు ఎన్ని నడుస్తుంటాయో మండలం పోలీస్ స్టేషన్ దగ్గర ఓ పూట కూర్చుంటే తెలుస్తుంది. మంచితనంతో పెద్దగా సంబంధం లేకుండా, ఇష్టం ఉన్నా లేకపోయినా ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండేలా చేసే ఏర్పాటు ఒకటి అక్కడ నడుస్తూ ఉంటుంది.

అదెలా పనిచేస్తుందో చూడాలంటే పాల కేంద్రం దగ్గర నిలబడాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, స్టీలు క్యాన్లతో జనం వస్తారు. కేంద్రం నడిపే అతను చిన్న గరిటతో శాంపిల్ తీసి మిషన్‌లో పెడతాడు, ఫ్యాట్ ఎంత పడిందో చూసి పుస్తకంలో ఎక్కిస్తాడు, పాలు కొలిచి పోసుకుని ఖాళీ క్యాన్ చేతికిచ్చేస్తాడు. మొత్తం పని రెండు నిమిషాలు. కానీ రెండు నిమిషాల్లో వెళ్లిపోయేవాళ్లు తక్కువ. నిన్న ఏడు పడిన ఫ్యాట్ ఇవాళ ఆరుకి ఎందుకు దిగిందని ఓ గొడవ, ఎవరి గేదె ఎప్పుడు ఈనుతుందని ఓ లెక్క, ఎవరింటికి పెళ్లివాళ్లు వచ్చి వెళ్లారని ఓ కబురు. ఒక పూట ఎవరైనా రాకపోతే మర్నాడు పొద్దున్నే "ఏం వదినా, రాత్రి పాలు పొయ్యలేదేం?" అని అడుగుతారు, ఒంట్లో బాలేదని తెలిస్తే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు ఆ గుమ్మంలో ఉంటారు. ఇందులో ప్రేమ ఎంత, కూపీ లాగే సరదా ఎంత అని విడదీయడం కుదరదు. విడదీయాల్సిన పనీ లేదు, ఎందుకంటే మనిషి కనిపించకపోతే పూట తిరక్కుండా తెలిసిపోవడం అన్నదే ఇక్కడ ముఖ్యం. పట్నంలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల కోసం అదే పనికి ఇప్పుడు చేతి వాచీలు, ఇంట్లో కెమెరాలు, నెలకింత అని తీసుకుని రోజూ ఫోన్ చేసి పలకరించే సర్వీసులు అమ్ముతున్నారు.

ఈ కనిపెట్టుకుని ఉండటం ఊరికే రాదు. దాని అడుగున ఎప్పటికీ తెగని ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయి. చేబదులు తీసుకుంటే నోటు రాయరు, వడ్డీ అడగరు, కానీ ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ అది గుర్తుంటుంది. నాట్లకో కలుపుకో ఇవాళ మీ చేలోకి మేం వస్తే రేపు మా చేలోకి మీరు రావాలి. పెళ్లి పందిట్లో ఓ మూల కుర్చీ వేసుకుని ఒకాయన నోటు పుస్తకంలో ఊరు, ఇంటిపేరు, పేరు, ఎంత చదివించారో వరసగా రాసుకుంటూ పోతాడు చూడండి, ఆ పుస్తకం తర్వాత బీరువాలోకి వెళ్తుంది, ఏ ఇంటి నుంచి శుభలేఖ వచ్చినా ముందు దాన్ని బయటికి తీస్తారు. వాళ్లు మనకి ఐదొందల పదహార్లు చదివించారని తేలితే సరిగ్గా అంతే ఇచ్చి రావడం మర్యాద కాదు, ఈలోగా పెరిగిన ధరలు ఉన్నాయి కదా, కాస్త పైన వెయ్యాలి. అలా వేసేసరికి ఈసారి వాళ్లు మనకి బాకీ. లెక్క ఎప్పుడూ ఒకవైపు మొగ్గి ఉండటమే అందులో ఉన్న తెలివి, సరిసమానంగా తేలిపోతే ఇక పలకరించుకోవాల్సిన పని ఉండదు.

చావు ఇంటి దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చాలా ఊళ్లలో శవం లేచేదాకా ఆ చుట్టుపక్కల ఇళ్లలో పొయ్యి వెలిగించరు. కట్టెలు తెచ్చేవాళ్లు, చుట్టాలకి ఫోన్లు చేసేవాళ్లు, వచ్చినవాళ్లకి టీ పెట్టేవాళ్లు ఎవరి పని వాళ్లు అందుకుంటారు, ఇంటివాళ్లు ఏదీ పురమాయించక్కర్లేదు. తర్వాత కొన్ని పూటలు ఆ ఇంటికి అన్నం, పప్పు, చారు పక్కిళ్ల నుంచే వస్తాయి. ఇటు నగరంలో అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్లకి ఆసుపత్రిలో మనిషి పోతే శవాన్ని గుమ్మం ముందు కాసేపు పెట్టుకోవడానికి కూడా ఓనర్ ఒప్పుకోని సంగతులు పేపర్లలో వస్తూనే ఉంటాయి. అందుకే చాలామంది అంబులెన్స్ మాట్లాడుకుని, రాత్రికి రాత్రి అయినా సరే, ఆసుపత్రి నుంచి నేరుగా సొంతూరికే పోతారు. ఇరవై ఏళ్లు హైదరాబాద్‌లో ఉన్నా పాడె మోసే నలుగురు దొరికేది ఊళ్లోనే అన్న లెక్క వాళ్ల మనసులో అప్పటికే ఉంటుంది.

పట్నంలో ప్రతిదానికీ డబ్బులిచ్చి అక్కడికక్కడే తేల్చేసుకుంటాం. ఇల్లు మారాలంటే ప్యాకర్స్, పిల్లాడి పుట్టినరోజుకి కేటరింగ్, అర్ధరాత్రి మాత్ర కావాలంటే యాప్. ఎవరికీ ఏ మాటా పడక్కర్లేదు, ఎవరి దగ్గరా చేయి చాపక్కర్లేదు. చాలా సుఖం, కాదనడానికి లేదు. కాకపోతే అన్నీ తేల్చేసుకున్నవాడికి అర్ధరాత్రి పక్క తలుపు తట్టే చనువు మిగలదు. అపార్ట్‌మెంట్‌లో పదేళ్లు ఎదురెదురుగా ఉండి లిఫ్టులో నవ్వుకోవడం తప్ప ఏమీ లేనివాళ్ల ఇబ్బంది మనసులో తడి లేక వచ్చింది కాదు, ఒకరితో ఒకరికి పని పడక వచ్చింది. పని పడేచోట నగరంలోనూ ఊరు మొలుస్తుంది: హైదరాబాద్ పాత బస్తీల్లో నీళ్ల ట్యాంకర్ దగ్గరా, ఆషాఢం బోనాల చందాల దగ్గరా జనం మధ్య కనిపించేది ఊరి వ్యవహారమే.

ఊళ్లో కూడా ఈ లెక్క పలచబడుతోందన్నది దాచిపెట్టాల్సిన విషయం కాదు. వరి కోత మిషన్ వచ్చాక ఎకరం చేను చూస్తుండగా అయిపోతోంది, దాంతోపాటే కోతల బదుళ్లూ పోయాయి. పెళ్లికి ఊరు ఊరంతా కూరగాయలు తరగడం, బంతిలో కుర్రాళ్లు పరిగెత్తి వడ్డించడం పోయి టెంట్ హౌస్, బఫే వచ్చాయి. అయినా పాలు, నీళ్లు, గుడి, చావు, పెళ్లి అనే కొన్ని చోట్ల ఒకరితో ఒకరికి అవసరం ఇంకా గట్టిగానే ఉంది.

ఈ కోణంలో చూస్తే హైదరాబాద్ చుట్టూ లేచిన ఫామ్‌హౌస్‌ల సంగతి సులువుగా అర్థమవుతుంది. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల, షాద్‌నగర్, ఎటు వెళ్లినా ఎత్తయిన ప్రహరీ, పెద్ద గేటు, లోపల మామిడి మొక్కలు, వాచ్‌మన్ కుటుంబం. ఇప్పుడైతే గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు అమ్ముతూ ఊరి జీవితం అని బోర్డు పెడుతున్నారు. శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం రాత్రికి వెళ్లిపోయేవాళ్లు కూరగాయలు కూడా పట్నం నుంచే డిక్కీలో వేసుకొస్తారు. ఆ ఊళ్లో ఎవరింట్లో చావు జరిగిందో వాళ్లకి తెలీదు, వాళ్ల పేరు ఊళ్లో ఎవరికీ తెలీదు, వాళ్లని అడిగితే "ఫలానా తోట సార్" అంటారు. గాలి దొరుకుతుంది, ప్రశాంతత కూడా దొరకొచ్చు, కానీ జ్వరమొస్తే చూడ్డానికి వచ్చేది వాచ్‌మన్ ఒక్కడే, అతనికి జీతం ఇస్తున్నారు కాబట్టి. అదే ఊళ్లో పెంకుటిల్లు అద్దెకి తీసుకుని, పక్కింట్లో పాలు కొనుక్కుని, పిలిచిన ప్రతి శుభకార్యానికీ వెళ్లి చదివించి, స్కూల్లో ఓ గంట లెక్కలు చెప్పే రిటైర్డ్ మాస్టారు ఉంటే ఏడాది తిరిగేసరికి ఆయనకి బాబాయి వరసో మామయ్య వరసో కలిపేస్తారు. వరస కలిపారంటే ఆయన పేరు మీద కూడా ఖాతా తెరిచినట్టే.

అయితే ఆ ఖాతా అందరికీ తెరవరు. ఊరి గురించి రాసేవాళ్లు ఎక్కువగా తప్పించుకుపోయేది ఇక్కడే. రావిచెట్టు, రచ్చబండ అంటూ మురిసిపోయేవాళ్లలో చాలామంది ఆ రచ్చబండ మీద కూర్చోగలిగిన ఇళ్లలో పుట్టినవాళ్లు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్, గ్రామాన్ని ఆరాధించేవాళ్లకి ఎదురు చెబుతూ, అది సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయం తప్ప మరేమిటని అడిగారు. ఆ మాటకి తెలుగు నేల మీద సాక్ష్యాలకి కొదవ లేదు, దళితుల్ని ఊచకోత కోసిన ఊళ్లు 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఊరు వేరు, వాడ వేరు అన్న గీత ఇవాళ్టికీ చాలా చోట్ల మ్యాపులో చూపించగలిగేంత స్పష్టంగా ఉంది. వరసలు కలిపి పిలుచుకునే తీయదనం వెనక, తనకంటే చిన్నవాణ్ని కూడా అయ్యా, దొరా అని పిలవాల్సి వచ్చిన మనుషుల జీవితాలున్నాయి.

ఇంకో చేదు నిజం ఏమిటంటే, ఊరి హాయిని నిలబెట్టే ఏర్పాటూ, ఊరి శిక్షని నడిపే ఏర్పాటూ ఒకటే. సాంఘిక బహిష్కరణ ఎలా జరుగుతుందో గమనించండి. కర్ర పట్టుకోవాల్సిన పని లేదు. పనికి పిలవరు, కౌలుకి ఇవ్వరు, కిరాణా కొట్టులో సరుకు ఇవ్వరు, పాల కేంద్రంలో పాలు పోయించుకోరు, మాట్లాడినవాళ్లకి జరిమానా వేస్తారు. అంటే ఆ మనిషి ఖాతా మూసేస్తారు, అంతే. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవ దళితులకి పొలం పనులు లేకుండా చేసేదాకా పోయింది. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీలు గుళ్లు కట్టించాయి, రోడ్లు వేయించాయి, ఊరంతటినీ ఒక తాటి మీదకి తెచ్చాయి, అవే కమిటీలు మాట వినని కులాలనీ కుటుంబాలనీ వెలేసి, జరిమానాలు వేసి కేసుల్లోనూ ఇరుక్కున్నాయి. నలుగురూ ఒకటిగా ఉన్నారంటే ముందు ఆ నలుగురూ ఎవరో చూడాలి. ఎవరూ పట్టించుకోని నగరం, ఇంటిపేరు అడగని బస్సు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూడని హోటల్ కొంతమందికి ఒంటరితనం, ఇంకొంతమందికి వాళ్ల తాతలు ఎరగని స్వేచ్ఛ. కాబట్టి పట్నంలో ఏముంది, ఊరికి పోదాం పదండి అని అందరికీ ఒకే సలహా ఇవ్వడం కుదరని పని.

పాత ఏర్పాటు దూరం పెట్టినవాళ్లు ఊళ్లోనే కొత్తగా కట్టుకున్న సంఘాలు లేకపోలేదు, నిజానికి ఈ విషయంలో ఎక్కువ ఆశ కలిగించేవి అవే. రచ్చబండ మగవాళ్లది, ఆడవాళ్లు అటువైపు తల దించుకుని నడిచినవాళ్లే. వాళ్లకంటూ ఊళ్లో కూర్చునే చోటు దొరికింది చదువుల కేంద్రాల్లో, తర్వాత పొదుపు సంఘాల్లో. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రిపూట కలిసిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1995 జనవరిలో మద్యనిషేధం దాకా వెళ్లింది. నిషేధం రెండేళ్లకే సడలిపోయిందనుకోండి, కానీ ఆడవాళ్లు వారానికోసారో నెలకోసారో చాప వేసుకుని కూర్చోవడం మాత్రం ఆగలేదు. డ్వాక్రా సమావేశం అనగానే అప్పులు, కిస్తీలే గుర్తొస్తాయి, అక్కడ జరిగే సగం మాటలు మాత్రం కిస్తీల గురించి కావు. ఎవరి మొగుడు చెయ్యి చేసుకున్నాడో, ఎవరి పిల్ల కాలేజీ మానేసిందో, ఎవరు డాక్టరు దగ్గరికి పోవడానికి జంకుతున్నారో అన్నీ అక్కడే తేలతాయి.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల దళిత మహిళల సంఘాలు ఇంకో అడుగు ముందుకేశాయి. బీడు భూముల్లో జొన్న, కొర్ర, సామ లాంటి పాత పంటలు తిరిగి వేసి, సొంత విత్తనాలు దాచుకుని, 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెట్టుకున్నారు. ఒకరి దగ్గర విత్తనం తీసుకుంటే పంటొచ్చాక కాస్త ఎక్కువ కలిపి తిరిగివ్వడం అక్కడి పద్ధతి, చదివింపుల పుస్తకంలోని తెలివే ఇదీ. పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన సహకార సంఘం ఇంత కాలం నిలబడింది, తర్వాత అదే చోట ఆడవాళ్ల పాల డెయిరీ కూడా వచ్చింది. ఆ సంఘం సభ్యులు ఏటా కూర్చుని లెక్కలు చూసుకుంటారు, పోట్లాడుకుంటారు, బోనస్ పంచుకుంటారు. ఊళ్లో ఐకమత్యం దానంతటదే ఉంటుందనుకునేవాళ్లు ఆ మీటింగు ఒకటి చూస్తే అదెంత పనో తెలుస్తుంది.

ఇంత చెప్పుకున్నాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఊరికి వెళ్లి ఉండగలిగేది ఎవరు? 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 27 మంది పట్టణాల్లో ఉండేవాళ్లు, 2011 జనాభా లెక్కలకి అది 33 దాటింది. వీళ్లలో ఎక్కువమంది ఊరి మీద మనసు విరిగి వెళ్లినవాళ్లు కాదు, పని కోసం వెళ్లినవాళ్లు. పాలమూరు కూలీలు, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు, శ్రీకాకుళం నుంచి గుజరాత్ వెరావల్ దాకా వేటకి పోయే మత్స్యకారులు, వీళ్లందరికీ ఊరంటే ప్రాణమే, ఊళ్లో పనే లేదు. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు పిల్లల్ని చంకనేసుకుని నడిచి మరీ ఇళ్లకి చేరారు, ఆ ఏడాది దేశం మొత్తం మీద ఉపాధి హామీ పనిదినాలు దాదాపు 265 కోట్ల నుంచి 389 కోట్లకి పెరిగాయి. బస్సులూ రైళ్లూ మళ్లీ మొదలయ్యాక చాలామంది తిరిగి అదే మేస్త్రీ దగ్గరికి పోయారు. ఊరు ఆదుకుంటుంది, పోషించలేదు. ఉండాలనుకుంటే బయటినుంచి వచ్చే ఆదాయం ఏదో ఒకటి కావాలి: పెన్షన్, అద్దెలు, ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కృష్ణా, గుంటూరు ఊళ్లలో పిల్లలు అమెరికాలో ఉండి, మేడలో ఇద్దరే మిగిలిపోయిన పెద్దవాళ్లకి డబ్బుకి లోటు లేదు, వాళ్లని ఊరు పలకరిస్తుంది, కానీ ఆసుపత్రికి వారం రోజులు వెంట ఉండాల్సి వస్తే ఆ పలకరింపు సరిపోదు.

వీటన్నిటికంటే ముందు ఇంట్లోనే తేలాల్సిన పేచీ ఇంకోటుంది. సొంతూరికి పోదాం అన్నప్పుడు అది దాదాపు ఎప్పుడూ భర్త ఊరే. ఆయనకి అక్కడ చిన్ననాటి స్నేహితులు, చెరువు గట్టు, టీ కొట్టు ఉన్నాయి. ఆవిడకి అది అత్తగారి ఊరు, వచ్చేపోయే చుట్టాలకి వండి పెట్టే ఊరు, ఏం కట్టుకుందో ఎప్పుడు లేచిందో నలుగురూ గమనించే ఊరు. ఆయన పాల కేంద్రం దగ్గర కబుర్లు చెబుతుంటే పేడ ఎత్తేదీ పాలు పితికేదీ చాలా ఇళ్లలో ఆవిడే. పట్నంలో ఓ చిన్న ఉద్యోగం, సొంత స్కూటీ, ఎవరికీ చెప్పకుండా బజారుకి వెళ్లొచ్చే వీలు సంపాదించుకున్న మనిషి వాటిని వదులుకుని రావడానికి ఎందుకు ఒప్పుకోవాలి? అందుకే ఊరు, ఊరు అని ఏళ్ల తరబడి కలవరించిన కుటుంబాలు చాలావరకు మధ్యలో రాజీ పడుతున్నాయి. తెనాలిలోనో భీమవరంలోనో జగిత్యాలలోనో ఇల్లు తీసుకుంటే నడిచేంత దూరంలో ఆసుపత్రి ఉంటుంది, ఆయన పొద్దున్నే బండేసుకుని పొలానికీ ఊరికీ వెళ్లి మధ్యాహ్నం అన్నం వేళకి వచ్చేస్తాడు, ఆవిడకి పుట్టింటికి నేరుగా బస్సు ఉంటుంది.